అరుగు మీది ఫొటో

మాది గోదావరి కాలువ పక్కనున్న చిన్న ఊరు. 1990వ దశకంలో మా ఊళ్లో ఫొటోలు తీసే పిచ్చి పట్టినవాళ్లం అయిదుగురం ఉండేవాళ్లం. ఒకరు హైస్కూలు మాస్టారు, ఒకరు ఆర్టీసీ కండక్టరు, ఒకరు ఆసుపత్రిలో కాంపౌండరు, ఒకరు రైతు. అందరికంటె చిన్నవాడు టైలరు, వాణ్ణి మేమంతా తమ్ముడూ అని పిలిచేవాళ్లం. పెళ్లిళ్లకు డబ్బు పుచ్చుకొని ఫొటోలు తీసే స్టూడియోవాళ్లం కాము. సరదాకొద్దీ తీసుకునేవాళ్లం. ఆ సరదాకు ఇంట్లో ఎన్ని మాటలు పడ్డామో మాకే తెలుసు.

అయిదుగురికీ కలిపి మూడు కెమెరాలు. వాటిలో వెలుతురు తూచే మీటరు ఉన్నది మాస్టారి యాషికా ఒక్కటే. 36 బొమ్మల రోలు ఇద్దరు ముగ్గురం చందా వేసుకొని కొనేవాళ్లం. ఒక్కొక్కరికి పన్నెండు బొమ్మలు. మీట నొక్కేముందు పదిసార్లు ఆలోచించవలసి వచ్చేది. రోలు పూర్తయ్యాక కండక్టరు గారు తన బస్సులో రాజమండ్రి లాబుకు చేర్చేవారు. నెలలో రెండవ శనివారం సాయంత్రం కాంపౌండరు గారి వరండాలో చాప వేసి, దాని మీద ఫొటోలు పరిచి అందరం చుట్టూ కూర్చునేవాళ్లం. టీ నీళ్లు వాళ్లింటి అమ్మగారివి.

మొదట్లో ఏది చూపించినా “బాగుంది, బాగుంది” అనేవాళ్లం. అది వినడానికి హాయిగానే ఉండేదిగాని, దానివలన ఎవరి పనీ ఒక మెట్టు పైకి వెళ్లలేదు. తరువాత మాస్టారు లైబ్రరీనుండి ఫొటోగ్రఫీ పుస్తకాలు తెచ్చి చదివి మాకు చెప్పసాగారు. తల వెనుక కరెంటు స్తంభం మొలిచినట్లు కనబడకూడదు. నిలబడ్డవారి పాదాలు తెగిపోకూడదు. నీటి గట్టు వాలిపోకూడదు. చిన్నపిల్లలను తీసేటప్పుడు మనం కూడా మోకాళ్లమీద వంగాలి. ఇవన్నీ మంచి సంగతులే. అయితే ఏది తప్పో తెలియడం మొదలయ్యేసరికి, తప్పు పట్టడంలో ఒక రుచి కూడా మాకు పట్టుకున్నది. ఎవరు ముందు తప్పు కనిపెడతారో, ఎవరు అందరినీ నవ్వించేటట్లు చెబుతారో అని పోటీ పడేవాళ్లం. అది స్నేహమనే అనుకున్నాము.

1994 ఎండాకాలంలో టైలరు తమ్ముడు మాస్టారి యాషికా అడిగి తీసుకొని వాళ్లమ్మగారి ఫొటో తీశాడు. మధ్యాహ్నంవేళ ఆవిడ అరుగుమీద కూర్చొని చేటలో బియ్యం ఏరుకుంటూ తలెత్తి చూస్తున్నది. ఆవిడ వెనుక వాకిలి అంతా మండుటెండ. పాపం, మీటరు ఆ ఎండను తూచింది. కడిగించి తెచ్చేసరికి వాకిలి చక్కగా వచ్చింది, అరుగుమీద మనిషి మాత్రం నల్లటి నీడలాగా ఉన్నది.

తమ్ముడు దానిని చాప మీద అన్నిటికంటె చివర పెట్టాడు. మాలో ఒకరు “ఇది మీ అమ్మగారా, బొగ్గుల బస్తానా?” అన్నారు. ఎవరు అన్నదీ ఇక్కడ రాయము. మిగిలిన ముగ్గురమూ నవ్వాము గనుక నలుగురమూ అన్నట్లే. తమ్ముడు కూడా నవ్వాడు. ఫొటో తీసి జేబులో పెట్టుకున్నాడు. తరువాతి నెల పెళ్లిళ్ల కుట్టుపని ఎక్కువగా ఉందని కబురు పంపాడు. ఆ తరువాతి నెల కబురు కూడా పంపలేదు. పనిలో ఉన్నాడులే అనుకొని మేమూ ఊరుకున్నాము.

శీతాకాలం రాకముందే ఆ తల్లి కన్నుమూసింది. జ్ఞాపకార్థ కూడికకు వెళ్లాము. బల్లమీద తెల్లగుడ్డ పరిచి, పూలదండ వేసి ఒక ఫొటో పెట్టారు. ఎప్పటిదో పెళ్లి గ్రూపు ఫొటోలోనుండి ఆవిడ ముఖం ఒక్కటి విడదీసి పెద్దది చేయించినది. కన్ను ఏదో ముక్కు ఏదో తెలియకుండా అలుక్కుపోయి ఉన్నది. భోజనాలయ్యాక మాస్టారు నెమ్మదిగా, “తమ్ముడూ, అరుగుమీద తీసిన ఫొటో ఉండాలి కదయ్యా, అది పెట్టకపోయావా?” అని అడిగారు.

“అది బాగాలేదన్నారు కదండీ” అన్నాడు.

ఆ మాటలో నిష్ఠూరమేమీ లేదు. మేము పెద్దవాళ్లం, తెలిసినవాళ్లం, మేము బాగాలేదన్నాము గనుక అది బాగాలేదు, అంతే. ఆ రాత్రి కాలువగట్టు వెంబడి ఇళ్లకు నడుస్తుంటే మాలో ఎవరికీ మాట రాలేదు.

మరునాడు పొద్దున్నే కండక్టరు గారు వెళ్లి నెగటివు అడిగారు. అది కుట్టుమిషను సొరుగులో దారపు ఉండల కింద ఉన్నది. లాబులో పనిచేసే కుర్రవాడు దానిని దీపానికి ఎదురుగా పట్టి చూసి, “ముఖం ఉందండీ ఇందులో” అన్నాడట. నెగటివులో ఉన్న దానిని కాగితం మీదికి దించే మిషను బొమ్మ మొత్తం మీద వెలుతురును సరాసరి చూసుకుంటుంది. వాకిలి అంతా ఎండగా ఉన్నది గనుక ఆ ఎండను మామూలుగా కనబడేటట్లు చేయబోయి, నీడలో ఉన్న మనిషిని ఇంకా నల్లగా చేసింది. మనిషి కూర్చొని మీటను రెండు మూడు మెట్లు మారిస్తే చాలునట. అతను అలాగే చేశాడు. వాకిలి తెల్లగా వెలిసిపోయిందిగాని ఆవిడ నుదుటి ముడతలు, ముక్కుపుడక, చేటలో చేయి, పళ్లులేని నవ్వు, అన్నీ పైకి వచ్చాయి.

అంటే ఆ రోజు చాప దగ్గర మేము అనవలసిన మాట చాలా చిన్నది. “తమ్ముడూ, నెగటివు తీసుకొని ఇంకోసారి తేలికగా ప్రింటు వేయించు. ఈసారి తీసేటప్పుడు దగ్గరగా వెళ్లి ముఖానికి మీటరు చూపించు.” ఇంతే. ఆవిడ బ్రతికి ఉండగానే ఆ ఫొటో ఆవిడ చేతిలో పెట్టేవాడు.

ఆ తరువాత చాలా వారాలు మేము చాప పరచలేదు. మళ్లీ మొదలుపెట్టినప్పుడు మాస్టారు ఒక సంగతి చెప్పారు. ఇంగ్లండులో ఫొటోలు తీసేవారు కొందరు ఎక్కడెక్కడి ఊళ్లలోనో ఉంటూ, తమ ఫొటోలను ఒక పెట్టెలో పెట్టి పోస్టులో ఒకరినుండి ఒకరికి తిప్పుకునేవారట. పెట్టెతోపాటు ఒక పుస్తకం వెళ్లేది. పెట్టె అందుకున్న ప్రతివారూ ప్రతి ఫొటోకు తమ అభిప్రాయం అందులో రాసి తరువాతివారికి పంపాలి. నోటితో అన్నమాట గాలికి పోతుందిగాని కాగితం మీద రాసేటప్పుడు చేయి కాస్త ఆగుతుంది. మాకూ అది నచ్చింది. రెండువందల పేజీల పొడుగు నోటుబుక్కు ఒకటి కొన్నాము.

అందులో మొదటి పేజీనిండా కట్టుబాట్లు రాసుకున్నామని అనుకోకండి. అవి తరువాత ఒక్కొక్కటిగా, పొరపాట్లు చేస్తూ చేస్తూ వచ్చినవి. ఉదాహరణకు, తీసినవారిని ముందు ఒక ప్రశ్న అడగాలనే సంగతి మాకు మెదకులో తెలిసింది. 1996లో అందరం రైలులో సికింద్రాబాదు చేరి, అక్కడినుండి బస్సులో మెదకు దేవాలయం చూడటానికి వెళ్లాము. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించిన ఆ దేవాలయపు గోపురం 175 అడుగుల ఎత్తు. అంత గోపురాన్ని బొమ్మలో పట్టించాలని అందరం కెమెరా పైకెత్తి తీశాము. అందరి గోపురాలూ వెనక్కి పడిపోతున్నట్లు వచ్చాయి. కెమెరా పైకి వంచితే అంతే. దూరంగా వెనక్కి వెళ్లి, కెమెరాను నిటారుగా పట్టుకొని తీయాలి.

రైతు అన్నయ్య ఫొటోలో మాత్రం గోపురం సగానికి తెగిపోయింది. కింద చెట్టునీడలో టిఫిను డబ్బాలు విప్పుకొని అన్నాలు తింటున్న కుటుంబం ఒకటి ఉన్నది. “గోపురం తెగిందండి” అని మాలో ఒకరి నోటిదాకా వచ్చింది. కాంపౌండరు గారు చెయ్యి అడ్డం పెట్టి, “నువ్వు ఏమి చూపించాలనుకున్నావు అన్నయ్యా?” అన్నారు. “ఆ అన్నం తినేవాళ్లనేనండి. పాస్నెట్ దొరగారు కరవు కాలంలో జనానికి పని చూపించి అన్నం పెట్టి ఈ గుడి కట్టించారని అక్కడ చెప్పారు కదా, వాళ్లను చూస్తే అది గుర్తొచ్చింది” అన్నాడు. ఇంకేముంది! మేము చెప్పబోయిన సలహా తలకిందులయింది. గోపురం ఎక్కువ కావాలని కాదు, ఇంకా తక్కువ కావాలి. నాలుగడుగులు ముందుకు వెళ్లి ఆ డబ్బాలు, చేతులు కనబడేటట్లు తీసి ఉంటే బాగుండేది. అదే నోటుబుక్కులో రాశాము. అన్నయ్య కాసేపు చూసుకొని, “నిజమేనండి, సిగ్గుపడి దగ్గరికి వెళ్లలేదు” అన్నాడు.

కండక్టరు గారు అదే దేవాలయంలో అనుమతి అడిగి రంగుటద్దాల కిటికీని ఫ్లాషు వేసి తీశారు. అద్దం వెలిగేది బయటి వెలుతురుతో. మనం లోపలినుండి ఫ్లాషు కొడితే దాని రంగులే చచ్చిపోతాయి. ఫ్లాషు ఆపేసి, బల్లకు మోచేయి ఆనించి, మీటరును అద్దానికే చూపించి, గోడలు చీకటిగా వస్తే రానిమ్మని రాశాము.

మరొకటి తెల్లబట్టల సంగతి. కాలువలో బాప్తిస్మమిచ్చే ఫొటోలలో తెల్లచీరలు ఎప్పుడూ మురికిగా వచ్చేవి. మీటరు తాను చూసినదెల్లా ఒక మాదిరి బూడిదరంగు అనుకుంటుంది గనుక, తెల్లటి గుంపును చూసి వెలుతురు ఎక్కువైందని భ్రమపడి తగ్గించమంటుంది. దాని మాట వినకుండా ఒక స్టాపో ఒకటిన్నరో ఎక్కువ ఇవ్వాలి. ఈ సంగతి మాకు చెప్పినది టైలరు తమ్ముడే. బట్టల తెలుపు మాలో ఎవరికంటె అతనికి ఎక్కువ తెలుసు.

అవును, తమ్ముడు తిరిగి వచ్చాడు. ఆ ఫొటో కొత్త ప్రింటు పట్టుకొని నలుగురమూ అతని దుకాణానికి వెళ్లి, తప్పయిపోయిందని చెప్పాము. అతను చాలాసేపు ఫొటోకేసి చూసి, ఏమీ అనకుండా లోపల దాచుకున్నాడు. వెంటనే రాలేదు. ఏడాదికి పైగా పట్టింది. మేమూ తొందరపెట్టలేదు.

ఇతరులకు చెప్పడంకంటె ఇతరులు చెప్పింది వినడం మాకు ఎక్కువ కష్టమైంది. అందరిలోనూ మాస్టారు మరీ కష్టం. ఆయన ఫొటోమీద ఎవరైనా నోరు విప్పితే చాలు, మబ్బు పట్టిందనో, పిల్లవాడు కదిలాడనో, లాబువాడు చెడగొట్టాడనో మొదలుపెట్టేవారు. అప్పటినుండి ఎవరి ఫొటో చాపమీద ఉంటే వారు మిగిలినవారి మాట అయ్యేదాకా నోట్లో వక్కపొడి వేసుకొని కూర్చోవాలన్నాము. మాస్టారు ఆ సంవత్సరం వక్కపొడి చాలా తిన్నారు.

నోటుబుక్కు ఉండటంవలన ఇంకో లాభం కలిగింది. ఒకనాడు కాంపౌండరు గారు పాతపేజీలు తిరగేస్తూ తన ఫొటోల కింద “ఇంకా దగ్గరగా వెళ్లవలసింది” అనే మాట పదిహేడు చోట్ల లెక్కపెట్టారు. నాలుగు చేతిరాతలలో పదిహేడుసార్లు. “ఒకళ్లు అంటే వాళ్ల ఇష్టం అనుకుంటానుగాని, అందరూ ఇన్నాళ్లుగా అంటున్నారంటే నాదే” అని ఆయనే నవ్వారు. ఆ తరువాత ఆయన తీసిన ఆసుపత్రి వరండా ఫొటోలు, వేచి కూర్చున్నవారి చేతులు, పిల్లల కాళ్లకు కట్టిన పట్టీలు, మా అందరి పనిలోనూ మంచివని మా అభిప్రాయం.

ఇప్పుడు ఫొటోలన్నీ ఫోనులోనే. రోలు లేదు, లాబు లేదు. మా మనవలు మాకోసం ఒక వాట్సాప్ గ్రూపు పెట్టారు. ఒకరు పొద్దున్నే పది ఫొటోలు పంపుతారు, మిగిలినవారు పది బొటనవేళ్లు పంపుతారు. ఆ బొటనవేలు మా పాత “బాగుంది, బాగుంది”యే. అందుకని ఇప్పటికీ, మోకాళ్లు ఎంత నొప్పి పెట్టినా, రెండు మూడు నెలలకొకసారి కలుస్తాము. ఒక్కొక్కరం మూడు ఫొటోలకు మించకుండా కాగితంమీద వేయించుకొని వస్తాము. చాప స్థానంలో బల్ల వచ్చింది. మాస్టారు లేరు, ఆయన 2011లో ప్రభువు సన్నిధికి వెళ్లిపోయారు. నోటుబుక్కు మూడోది నడుస్తున్నది. చేతిరాతలు వణుకుతున్నాయి.

కిందటి క్రిస్మసుకు టైలరు తమ్ముడి ఇంటికి భోజనానికి వెళ్లాము. తమ్ముడంటే ఇప్పుడు ముగ్గురు మనవల తాత. ముందుగదిలో గోడమీద వాళ్లమ్మగారి అరుగు ఫొటో పెద్ద ఫ్రేములో ఉన్నది. అందరం దానికింద నిలబడ్డాము. తమ్ముడు జేబులోనుండి వక్కపొడి పొట్లం తీసి, కొంచెం నోట్లో వేసుకొని, ఇక చెప్పండి అన్నట్లు మావైపు చూశాడు.

ఎవరికీ నోరు రాలేదు. చివరికి కండక్టరు గారే గొంతు సవరించుకొని, “ముఖం, ఆ చేటమీది చెయ్యి, రెండూ కంటిని పట్టుకుంటాయి తమ్ముడూ. ఒక్కటే మాట. కుడిపక్కన బకెట్టు సగం తెగి కనబడుతోంది. అది తీసేసి ఉంటే...” అన్నారు.

తమ్ముడు వక్కపొడి నమలడం ఆపాడు. “తీస్తే ఊరుకునేది కాదండి మా అమ్మ. నీళ్లబకెట్టు ఎప్పుడూ పక్కనుండాలి ఆవిడకి” అన్నాడు.

“అయితే పూర్తిగా కనబడాల్సింది” అన్నారు కండక్టరు గారు.

“అది మాత్రం నిజమేనండి” అని తమ్ముడు లోపలికి కేకవేసి, మనవరాలిచేత నోటుబుక్కు తెప్పించాడు.