ఎనిమిది నిమిషాలకు ఒక్కటి

ఆడేవారు ఒక పాత్రలో ప్రవేశించి, దాని శక్తిని పెంచుకుంటూ కథను నడిపే ఆటలను రోల్ ప్లేయింగ్ గేములు అంటారు. 2006లో అలాంటి గేమే అయిన ‘ఆబ్లివియన్’ గుర్రపు కవచాన్ని 2.50 డాలర్లకు విడిగా అమ్మినప్పుడు, అది కొనకపోయినా కథకు లోటు రాలేదు. 2020లో ఉచితంగా విడుదలైన చైనా గేమ్ ‘గెన్షిన్ ఇంపాక్ట్’లో మాత్రం బేరమే ఆట నిర్మాణాన్ని శాసిస్తుంది. అందులో చాలా పాత్రలు ‘గాచా’ ద్వారా, అంటే నాణెం వేస్తే ఏదో ఒక బొమ్మ రాలే జపాన్ యంత్రాల తరహా లాటరీ ద్వారా, దక్కుతాయి. అయిదు నక్షత్రాల పాత్ర వచ్చే అవకాశం ఒక్కో ప్రయత్నానికి 0.6 శాతమే అయినా, 90వ ప్రయత్నానికి తప్పక వస్తుందన్న హామీ ఆశను ఆరనివ్వదు; కానీ వచ్చేది కోరుకున్న పాత్రే కావాలనీ లేదు. ఈ ఆటలో కొండలెక్కి, రెక్కలు చాచి లోయలోకి తేలిపోయే స్వేచ్ఛను అంత ప్రేమగా మలిచిన కళాకారుల శ్రమ ఈ లెక్కల కింద నలగడం నిజంగా బాధాకరం. పాత్రను బలపరిచే సామగ్రి కోసం ఖర్చుచేయవలసిన ‘రెజిన్’ 8 నిమిషాలకు ఒక్కటి చొప్పున ఊరుతుంది. ఒక్క పోరాటఫలానికి కనీసం 20 కావాలి కనుక, నిల్వ అయిపోయాక డబ్బు పెట్టి తొందరపెట్టని ఆటగాడు కనీసం 2 గంటల 40 నిమిషాలు ఎదురుచూస్తాడు.