ప్లాస్టరు జిగురు వదిలించేటప్పుడు...

మా అమ్మకు డెబ్బయ్యారో ఏట నాలుగు రోజులు సెలైన్ ఎక్కించి ఇంటికి పంపారు. కుడి ముంజేతి మీద ప్లాస్టరు వేసినచోట నల్లటి జిగురు మిగిలిపోయింది. "ఈ చేత్తో అన్నం కలుపుకోవాలంటే అసహ్యంగా ఉందిరా" అంది. గుడ్డ ముక్క కిరసనాయిల్లో ముంచి గట్టిగా రుద్దాను. జిగురుతోపాటు రూపాయి బిళ్ళంత చర్మం లేచివచ్చింది. అమ్మ ఏమీ అనలేదు, చెయ్యి మాత్రం వెనక్కి లాక్కుంది. ఆ పుండు మానడానికి అయిదు వారాలు పట్టింది. ఈ పని చేసినవాడు డాక్టరే సుమండీ!

వయసు మీరినకొద్దీ చర్మం పైపొరకూ కిందిపొరకూ మధ్య పట్టు సడలుతుంది. ఏళ్ళ తరబడి స్టెరాయిడ్ మాత్రలు వాడినవారికీ చర్మం పలచబడుతుంది. నెలలు నిండకుండా పుట్టిన పసికందుల సంగతి చెప్పనే అక్కర్లేదు. దానికితోడు కిరసనాయిలు, పెట్రోలు, థిన్నరు, గోళ్ళరంగు తుడిచే మందు చర్మంలోని సహజమైన జిడ్డును లాగేసి మంట పుట్టిస్తాయి.

విమానాల మరమ్మతు షెడ్డులో పనిచేసి రిటైరైన మా బావగారు ఇది విని, "మా కిటికీలకున్న మర్యాదైనా అత్తయ్యకు దక్కలేదేమయ్యా!" అన్నారు. ప్రయాణికుల పక్కనుండే ఆ కిటికీ గాజు కాదు, యాక్రిలిక్ ప్లాస్టిక్. దానికి టేపు జిగురు అంటితే బ్లేడుతో గీకరు. అసిటోను, థిన్నరు తగిలితే సన్నటి పగుళ్ళు పుడతాయి గనక వాటిని దగ్గరికి రానివ్వరు.

మరి మీరేం చెయ్యాలి? పట్టీ అంచుల వెంట కొబ్బరినూనె రాసి పది నిమిషాలు ఆగండి. ఒక చేత్తో చర్మాన్ని అదిమిపట్టి, పట్టీని పైకి లాగకుండా, దానిమీదికే వెనక్కి మడుస్తూ, వెంట్రుకలు వాలిన దిక్కుగా మెల్లగా తీయండి. మిగిలిన జిగురుకీ నూనే మందు. దూదితో తుడిచి, గోరువెచ్చని సబ్బునీళ్ళతో కడగండి. ఒక్కపూటలో పోకపోతే రేపు పోతుంది, తొందరేముంది? పుండు మీదా, కుట్ల మీదా మాత్రం నూనె వద్దు.

ఒకవేళ చర్మం లేస్తే ఆ పొరను కత్తిరించకండి. మంచినీళ్ళతో కడిగి, పొరను మెల్లగా యథాస్థానంలో పరిచి, వాజలైన్ రాసిన శుభ్రమైన గాజుగుడ్డ వేసి, వదులుగా కట్టుకట్టి డాక్టరుకు చూపించండి. మళ్ళీ ప్లాస్టరు అంటించకండి. మధుమేహం ఉన్నవారైతే ఆ రోజే వెళ్ళాలి.

అమ్మ ఆ తర్వాత నాలుగేళ్ళు బతికింది. నేను ఎప్పుడు ప్లాస్టరు చేతపట్టుకున్నా, ముందు నూనె సీసా ఎక్కడుందో చూసేది.