నోరు విప్పని తాతలు

తాత పోయాక గానీ ఆయనెవరో తెలియకపోతే ఆ మనవడి మనసెలా ఉంటుంది? ఇంగ్లండులో ఎన్నో ఇళ్లలో ఇదే జరిగింది. 1940లో జర్మన్లు దిగుతారన్న భయంతో కర్నల్ గబ్బిన్స్ వాళ్లను చాటు నుంచి దెబ్బతీసే ‘ఆక్సిలరీ యూనిట్లు’ అనే రహస్య దళాలను నడిపాడు. చేరినవాళ్లు రైతులు, అడవి కాపలాదార్లు. వాళ్ల స్థావరం నేల కింద. అడవిలో ఆకులు కప్పిన మూత. ఎత్తితే నిచ్చెన, ఇనుప రేకుల గది, పడక బల్లలు, పేలుడు మందు, రెండు వారాల తిండి, వెనక తప్పించుకునే సొరంగం. జర్మన్లు వస్తే ఆ రెండు వారాలకు మించి బతకడం కష్టమని వాళ్లకు తెలుసు. కట్టుకున్న భార్యకూ చెప్పలేదు. యుద్ధానికి పోని పిరికివాళ్లని ఊరు ఆడిపోసుకున్నా పళ్ల బిగువున భరించారు. 1944లో దళాలు రద్దయ్యాయి. జర్మన్లు రానే లేదు. తుపాకీ పట్టడం కన్నా ఆ మాట పడడమే పెద్ద ధైర్యమంటాను. మీ ఇంట్లో తాతగారుంటే ఈ పూటే పక్కన కూర్చుని అడగండి.