చెట్టెక్కిన ఘాటు!

విశాఖపట్నం నుంచి పాడేరుకు బయల్దేరితే మైదానం దాటగానే ఘాట్‌రోడ్డు మొదలవుతుంది. మలుపు మలుపుకీ గాలి చల్లబడుతుంది. కొండెక్కాక రోడ్డుకు అటూ ఇటూ నిటారుగా సిల్వర్ ఓక్ చెట్లు... వాటి నీడలో కాఫీ మొక్కలు. పర్యాటకుల కెమెరాలన్నీ కాఫీ వైపే తిరుగుతాయి. కాస్త తలెత్తి చూస్తే ఆ చెట్ల మానులకు పచ్చచొక్కా తొడిగినట్టు అల్లుకుపోయిన తీగ కనిపిస్తుంది. తమలపాకు తీగ అనుకుంటారు చాలామంది. అలా అనుకోవడంలో తప్పులేదు, రెండూ ఒకే కుటుంబానివి. కానీ ఇది మన చారులో ఘాటు... మిరియం!

చిత్రమేమిటంటే ఈ తోటలో ముగ్గురూ పరాయివాళ్లే. సిల్వర్ ఓక్‌ది ఆస్ట్రేలియా. కాఫీ పుట్టిల్లు ఇథియోపియా. మిరియం పడమటి కనుమల బిడ్డ. ఒకప్పుడు ఓడలకొద్దీ రోముకు తరలిపోయిన సరుకు ఇది. క్రీస్తుశకం 408లో అలారిక్ అనే గోత్ రాజు రోము నగరాన్ని ముట్టడించి, వదిలిపెట్టడానికి అడిగిన వాటిలో బంగారం, వెండితో పాటు 3,000 పౌండ్ల మిరియాలూ ఉన్నాయి. 16వ శతాబ్దంలో పోర్చుగీసువాళ్ల వెంట మిరపకాయ వచ్చేదాకా మన వంటింట్లోనూ కారమంటే ప్రధానంగా మిరియాలదే.

అంత చరిత్ర ఉన్న గింజ ఇప్పుడు అల్లూరి సీతారామరాజు జిల్లాలోని గిరిజన కుటుంబాలకు ఇంటి పంట. పాడేరు, చింతపల్లి, అరకు కొండల్లో కాఫీ వేసుకున్న ఇంటికి మిరియం కోసం వేరే భూమి అక్కర్లేదు. కాఫీకి నీడనిచ్చే చెట్టే దీనికి నిచ్చెన. చెట్టు మొదట్లో వేళ్లున్న ముక్క నాటి, ఎదిగేకొద్దీ మానుకు కడుతూ పోతే చాలు. కణుపుల దగ్గర పుట్టే వేళ్లతో తీగే పట్టు చూసుకుంటుంది. మూడో ఏట నుంచి గింజ కళ్లజూడొచ్చు. పూర్తి కాపు అందుకోవడానికి ఏడెనిమిదేళ్లు. కాఫీ ధర పడిపోయిన ఏడు ఇంటిని నిలబెట్టేది ఈ తీగే. అయితే ఒక చిక్కుంది. డబ్బు అవసరమొచ్చి చెట్టును కలపకు కొట్టేస్తే, దాన్ని నమ్ముకున్న తీగా పోతుంది.

తొలకరి పడగానే తీగకు సన్నటి తోకల్లా పూల వెన్నులు వేలాడతాయి. వాన జల్లు వాటి మీదుగా జారుతూ పుప్పొడిని కింది పూలకు చేరవేస్తుంది. అందుకే ఆ రోజుల్లో వాన ముఖం చాటేస్తే గుత్తిలో గింజలు పలచబడతాయి. అలాగని మొదట్లో నీళ్లు నిలిస్తే మరీ ప్రమాదం. మొదలు కుళ్లు తెగులు సోకితే ఏళ్ల తరబడి పెంచిన తీగ కొద్ది రోజుల్లోనే వాడిపోతుంది. కొండవాలులో నీరు నిలవకపోవడం మన్యానికి కలిసొచ్చిన సంగతి.

పూత నుంచి కోతకు ఆరు నుంచి ఎనిమిది నెలలు. అసలు పరీక్ష అప్పుడే. పండగ ఖర్చులు, పిల్లల చదువులు, తీర్చాల్సిన చేబదుళ్లు... అన్నీ సంక్రాంతి చుట్టూనే ముసురుకుంటాయి. కాఫీ పండ్ల కోత కూడా అదే అదనులో ఉంటుంది కాబట్టి చేతులు చాలవు. తొందరపడి లేత గుత్తులు దూసేస్తే గింజ ఎండాక తేలికై ముడుచుకుపోతుంది. తూకమూ పోతుంది, ధరా పోతుంది. అలాగని మరీ ఆగితే పండిన గింజలు రాలిపోతాయి, పిట్టల పాలూ అవుతాయి. గుత్తిలో ఒకటి రెండు గింజలు ఎర్రబడ్డాయంటే అదీ కోత సమయం. ఏడాది పొడవునా తీగ తన పని తాను చేసుకుపోతుంది. ఇంటివాళ్లు లాభపడేదీ నష్టపోయేదీ ఈ కొద్ది వారాల్లోనే.

కోత కూడా ఆషామాషీ కాదు. వెదురు నిచ్చెన మానుకు ఆనించి, నడుముకు సంచి కట్టుకుని ఎక్కాలి. కాలు జారితే అంతే! తీగను మరీ పైకి పోనివ్వకుండా కొస తుంచమని చెప్పేది అందుకే.

కోసిన గుత్తుల నుంచి గింజలు రాల్చి, బుట్టలో పోసి, మరిగే నీళ్లలో ఒక్క నిమిషం ముంచి తీస్తారు. దాంతో అన్నీ ఒకేలా నల్లబడతాయి, త్వరగా ఎండుతాయి. ఆ తర్వాత నాలుగైదు రోజుల ఎండ. చలికాలం మన్యంలో పొద్దెక్కేదాకా మంచు వీడదు కాబట్టి ఇంకో రెండు రోజులు పట్టినా పట్టొచ్చు. మట్టినేల మీద పోస్తే దుమ్ము, బూజు. టార్పాలిన్ మీదో సిమెంటు కళ్లంలోనో ఆరబోస్తే సరుకు శుభ్రం. ఇంత చాకిరీ చేస్తే వంద కిలోల పచ్చి గింజలకు చేతికొచ్చేది 33 కిలోలు! వీటిని గిరిజన సహకార సంస్థ కొంటుంది, సంతల్లో ప్రైవేటు వ్యాపారులూ కొంటారు. పచ్చివి అమ్మేస్తే ఈ బాధ లేదు గానీ, ఎండబెట్టినందుకు దక్కే లాభమూ దక్కదు.

ఈ కొండలు చూసొచ్చిన వాళ్లకు ఇంట్లోనూ ఓ మిరియాల మొక్క ఉంటే బాగుండుననిపించడం సహజం. పెరట్లో కొబ్బరో, మామిడో ఉంటే దానికే పాకించొచ్చు. కోనసీమ కొబ్బరితోటల్లో అలా పెంచే రైతులున్నారు. అపార్ట్‌మెంట్ వాసులకైతే కుండీ మిరియం ఉంది. బుష్ పెప్పర్ అంటారు. మామూలుగా నిలువుగా పాకే కొమ్మ నాటితే అది చెట్టునే వెతుక్కుంటుంది. పక్కలకు వచ్చే కాపు కొమ్మను నాటితే పాకదు, గుబురుగా పెరిగి కుండీలోనే కాస్తుంది. తొలి ఏడాదే గింజ పట్టే వీలుంది.

రెండు పాళ్లు మట్టి, ఒక పాలు ఇసుక, ఒక పాలు పశువుల ఎరువు కలిపి, అడుగున చిల్లులున్న కుండీలో నాటాలి. నీరు నిలవకూడదు. హైదరాబాద్, విజయవాడ ఎండలే దీనికి గండం. ఏప్రిల్, మే నెలల్లో డాబా మీద వదిలేస్తే మాడిపోతుంది. చెట్టు నీడనో, షేడ్‌నెట్ కిందో పెట్టి, ఆకుల మీద నీళ్లు చిలకరిస్తూ ఉండాలి. నర్సరీలో కొనేటప్పుడు అది పాకే కొమ్మా, కాపు కొమ్మా అని అడిగి మరీ తీసుకోండి. చూపుకి రెండూ ఒకేలా ఉంటాయి. ఇక దిగుబడి అంటారా... మొదట్లో గుప్పెడు పచ్చి గింజలు. ఎండాక అందులో మూడో వంతు!