ఏటి కావాలి బావూ?

మా అక్క కొడుక్కి నాలుగేళ్లు. ఇంగ్లిష్ అక్షరాలు, రంగులు, గ్రహాల పేర్లు ఫోన్‌లో విన్నవి విన్నట్టు గడగడా చెప్పేస్తాడు. దాహమేస్తే మాత్రం 'నీళ్లు' అనడు. మన చెయ్యి పట్టుకుని బిందె దగ్గరకి లాక్కెళ్తాడు. ఆటిజం అని డాక్టరు చెప్పేదాకా మా రాజాంలో అందరిదీ ఒకటే మాట: "మగ గుంటడు కదా, మాటలు ఆలీసంగా వస్తాయిలే."

స్పీచ్ థెరపీ అంటే నాలుకకి కసరత్తు అనుకున్నాం. కాదు. ముందు మన వైపు చూడటం, వేలితో చూపించడం, తన వంతు వచ్చేదాకా ఆగడం. మాట ఆ తర్వాతే. బొమ్మ కార్డు చేతికిచ్చి కావాల్సింది అడిగే 'పెక్స్' పద్ధతి కూడా ఉంది, 1985లో అమెరికాలో మొదలైంది. కార్డులు అలవాటైతే ఇంక మాట్లాడడేమోనని అక్క భయపడింది. కార్డులు మాటకి అడ్డు రావని పరిశోధనలు చెప్తున్నాయి.

అసలు గొడవ భాషతో వచ్చింది. మొదట వెళ్లిన చోట "ఇంట్లో తెలుగు ఆపేయండి, ఒక్క ఇంగ్లిషే మాట్లాడండి" అన్నారు. మా అమ్మకి ఇంగ్లిష్ రాదు. పొద్దస్తమానం పిల్లాడితో ఉండేది ఆవిడే! ఆర్నెల్లు వాడి ముందు నోరు విప్పడానికి భయపడింది. మాట రావాలని థెరపీకి తీసుకెళ్తే, వాడితో ఎక్కువ మాట్లాడే మనిషినే మూగని చేశారు. రెండు భాషలు వింటే ఆటిజం పిల్లలకి నష్టమని రుజువేమీ లేదు. ఇప్పటి థెరపిస్టు ఆ మాటే చెప్పి, "అమ్మా, మీరు మాట్లాడినట్టే మాట్లాడండి" అంది.

పోయిన నెల వాడు జంతికల డబ్బా ముందు నిలబడి "ఏటి కావాలి బావూ?" అన్నాడు. అచ్చం అమ్మ యాస! మన ప్రశ్ననే తిరిగి అనడాన్ని ఎకోలేలియా అంటారు. అది ఉత్త చిలకపలుకు కాదు, అడగడమే. అమ్మ సరిదిద్దలేదు. "జంతిక" అని చేతిలో పెట్టింది.

ఇలాంటి పిల్లలు మీ ఇంట్లో ఉంటే అంగన్‌వాడీలో అడగండి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద 18 ఏళ్ల లోపు వాళ్లకి ఉచితంగా పరీక్షలు చేసి, జిల్లా సత్వర చికిత్స కేంద్రానికి పంపుతారు. 2022లో మా రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరం జిల్లాకి మారింది గానీ, థెరపీకి బస్సు దూరం తగ్గలేదు. రేపు సెలవు పెట్టే వంతు నాది. మొదటి బస్సుకే బయల్దేరాలి.