మన పిల్లలకు సైట్ ఎందుకొస్తోంది? కార్లా జాడ్నిక్ గారి పరిశోధన నుంచి నేను నేర్చుకున్నది

పోస్టు కాస్త పెద్దది. హాస్టల్లో చదివే చిన్నవాళ్లు ఎవరింట్లో ఉన్నారో వాళ్లు మాత్రం పూర్తిగా చదవండి.

నేను ఆప్టోమెట్రీ చదువుతున్నాను. చూపు కొలిచి అద్దాలు రాసే చదువు అది. మాది గోదావరి పక్క ఏజెన్సీలో ఒక కోయ గూడెం. ఐదో తరగతి నుంచి ఆశ్రమ పాఠశాలలోనే పెరిగాను. ఏడో తరగతికి వచ్చేసరికి బోర్డు మీద అక్షరాలు నాకు అలుక్కుపోయినట్టు కనపడేవి. అద్దాలు పెట్టుకుని సెలవులకు ఇంటికి పోతే మా నాయనమ్మ ఒకటే మాట అంది: "చదువు దీని కళ్లు తినేసింది." ఆమె ఎప్పుడూ పుస్తకం పట్టలేదు. వాగు అవతల మేసే మేక ఎవరిదో ఇవతల నుంచే చెప్పేది. అందుకే ఆ మాటకి ఇంట్లో ఎవరూ ఎదురు చెప్పలేదు. మా చిన్నాన్న తన కూతుర్ని హాస్టల్లో వేయడానికి రెండేళ్లు వెనకాడాడు.

అంటే ఇది కళ్లద్దాల ముచ్చట మాత్రమే కాదు. ఒక ఆడపిల్ల చదువు ఆ మాట మీద ఆగింది. అందుకే కాలేజీలో కార్లా జాడ్నిక్ గారి పేరు మొదటిసారి విన్నప్పుడు చెవులు రిక్కించి విన్నాను. పిల్లలకు సైట్ ఎందుకొస్తుందన్న ఒక్క ప్రశ్న చుట్టూ ఆమె ఇరవై ఏళ్లకు పైగా పనిచేశారు.

ముందు సైట్ అంటే ఏంటో చూద్దాం. పుస్తకాల్లో హ్రస్వదృష్టి అంటారు. దగ్గరివి కనపడతాయి, దూరానివి మసకగా ఉంటాయి. కనుగుడ్డు ముందు నుంచి వెనక్కి ఉండాల్సిన దానికన్నా పొడవు పెరిగితే, దూరం నుంచి వచ్చే వెలుగు వెనక పొర మీద కాకుండా దానికి ముందే కలుస్తుంది. ఒక్క మిల్లీమీటరు పొడవు పెరిగినా రెండున్నర దాకా మైనస్ పవర్ వస్తుంది. పెరిగిన గుడ్డు మళ్లీ తగ్గదు. పవర్ బాగా ఎక్కువైతే పెద్దయ్యాక రెటీనా దెబ్బతినే ప్రమాదం కూడా ఉంది.

జాడ్నిక్ గారు అమెరికాలో, కాలిఫోర్నియాలోని బర్కిలీలో ఆప్టోమెట్రీ చదివి, అక్కడే పీహెచ్‌డీ చేశారు. 1989లో ఆమె బృందం బర్కిలీ దగ్గర ఒరిండా అనే ఊరి బడి పిల్లలతో పరిశోధన మొదలుపెట్టింది. పద్ధతి వినడానికి చాలా మామూలుగా ఉంటుంది. పిల్లల కంట్లో చుక్కలు వేసి పవర్ కొలవడం, కనుగుడ్డు పొడవు కొలవడం, ఎంతసేపు చదువుతారు, ఎంతసేపు బయట ఆడతారు అని అమ్మానాన్నల్ని అడగడం. మళ్లీ ఏడాది అవే పరీక్షలు, అవే ప్రశ్నలు. సైట్ వచ్చాక కారణం వెతికితే ఎవరికి తోచింది వాళ్లు చెప్తారు. రాకముందే లెక్క రాసి పెట్టుకుంటే, వచ్చినవాళ్లకీ రానివాళ్లకీ తేడా ఎక్కడుందో దొరుకుతుంది.

తర్వాత ఆమె ఒహాయో స్టేట్ యూనివర్సిటీకి వెళ్లారు. అక్కడి ఆప్టోమెట్రీ కాలేజీకి డీన్ కూడా అయ్యారు. పరిశోధన ఐదు చోట్లకు పెరిగింది. తెల్లవాళ్ల పిల్లలతో ఆగకుండా నల్లజాతి, ఆసియా, హిస్పానిక్ పిల్లల్నీ, అరిజోనాలోని టూసాన్‌లో అక్కడి మూలవాసుల పిల్లల్నీ చేర్చుకున్నారు. మన పిల్లల లెక్కలు ఎన్నిచోట్ల కనపడవో తెలిసినవాళ్లకి ఆ మాట విలువ తెలుస్తుంది.

మొదట తేలింది అమ్మానాన్నల ప్రభావం. 1994లో వాళ్లు ప్రచురించిన దాని ప్రకారం, తల్లీ తండ్రీ ఇద్దరికీ సైట్ ఉంటే పిల్లల కనుగుడ్డు సైట్ రాకముందే కాస్త పొడవుగా ఉంది. ఈ జాగ్రత్త తర్వాత ఇంకోచోట పనికొచ్చింది. 1999లో వేరే పరిశోధకులు 'నేచర్' పత్రికలో, రెండేళ్లలోపు పిల్లల్ని గది లైటు వేసి పడుకోబెడితే సైట్ ఎక్కువ వస్తోందని రాశారు. చీకట్లో పడుకున్నవాళ్లలో 10 శాతం, గది లైటు కింద పడుకున్నవాళ్లలో 55 శాతం అని లెక్క. పేపర్లన్నీ రాశాయి, తల్లులు భయపడ్డారు. మరుసటి ఏడాది జాడ్నిక్ గారి బృందం తమ పిల్లల లెక్క తీస్తే ఆ తేడా కనపడలేదు. పైగా, సైట్ ఉన్న అమ్మానాన్నలే పిల్లల గదిలో లైటు ఎక్కువగా వేస్తున్నారని తేలింది. రెండు విషయాలు కలిసి కనపడినంత మాత్రాన ఒకదానికి ఇంకొకటి కారణం అయిపోదు. మా నాయనమ్మ మాటకి కూడా ఇదే పరీక్ష పెట్టాలి.

మరి మా ఇంట్లో అమ్మకి లేదు, నాన్నకి లేదు, నాకెలా వచ్చింది? దీనికి జవాబు అలాస్కాలో ఉంది. ఫ్రాన్సిస్ యంగ్ అనే పరిశోధకుడి బృందం బారో అనే ఊర్లో మూలవాసీ కుటుంబాల కళ్లు పరీక్షించి, 1969లో ఫలితాలు ప్రచురించింది. వేటాడి బతికిన పెద్దవాళ్లు 131 మందిలో ఇద్దరికే సైట్ ఉంది. బడికి పోయిన వాళ్ల పిల్లల్లో, మనవళ్లలో సగం మందికి పైగా ఉంది. ఒక తరంలో రక్తం మారదు. బతుకు మారింది.

బతుకులో ఏం మారింది? పుస్తకమా? జాడ్నిక్ గారి బృందం 1989 నుంచి 2010 దాకా సైట్ లేని 4,512 మంది పిల్లల్ని గమనిస్తే 414 మందికి సైట్ వచ్చింది. ఎవరికి రాబోతోందో ముందే చెప్పడానికి దగ్గర పెట్టుకుని చదివిన గంటలు పనికిరాలేదు. అన్నిటికన్నా బాగా చెప్పింది ఒకటో తరగతిలో కొలిచిన పవర్. ఆ వయసులో కంటికి కొంచెం ప్లస్ మిగిలి ఉండాలి. అది 0.75 కన్నా తక్కువైతే జాగ్రత్త పడాలి.

2007లో అదే పరిశోధన నుంచి ఇంకో విషయం వచ్చింది. అమ్మానాన్నలిద్దరికీ సైట్ ఉండి, బయట తక్కువ తిరిగే పిల్లలకు ఎనిమిదో తరగతికల్లా సైట్ వచ్చే అవకాశం నూటికి 60 దాకా ఉంది. వారానికి 14 గంటలకు పైగా బయట గడిపితే అది 20 దగ్గరికి దిగింది. తర్వాత చైనాలోని గ్వాంగ్‌జౌలో కొన్ని బడుల్లో రోజూ 40 నిమిషాలు ఆరుబయట క్లాసు అదనంగా పెట్టి చూశారు. మూడేళ్లలో అక్కడ 30.4 శాతం మందికి కొత్తగా సైట్ వచ్చింది, మామూలు బడుల్లో 39.5 శాతం మందికి.

ఎక్కువ ఏళ్లు చదివినవాళ్లలో సైట్ ఎక్కువన్నదీ నిజమే. కానీ చదువుతో పాటు మనం కోల్పోతున్నది పగటి వెలుతురు. వెలుతురు పడితే రెటీనాలో డోపమైన్ అనే పదార్థం విడుదలై గుడ్డు అతిగా పెరగకుండా ఆపుతుందని ఎక్కువ మంది శాస్త్రవేత్తల అభిప్రాయం. దీనికి ఎండలో మాడక్కర్లేదు. చెట్టు నీడలో కూడా ట్యూబ్‌లైటు గదికన్నా ఎన్నో రెట్లు వెలుతురు ఉంటుంది.

ఇప్పుడు మన హాస్టల్ రోజు గుర్తుచేసుకోండి. తెల్లారకముందే స్టడీ అవర్, ఆ తర్వాత క్లాసులు, సాయంత్రం మళ్లీ స్టడీ అవర్. పరీక్షలొస్తే గేమ్స్ పీరియడ్ కూడా స్టడీకే. ఆదివారం గేటుకి తాళం. ఆడపిల్లలకైతే "ఎండలో తిరిగితే నల్లబడతావు" అన్న మాట అదనం. పోడులో, ఇప్పపువ్వు ఏరే చోట పొద్దంతా బయటే పెరిగిన పిల్లల్ని ఒక్కసారిగా గోడల మధ్య పెడుతున్నాం.

అందుకని పిల్లల్ని చదువు మాన్పించొద్దు. వెలుతుర్ని బడిలోకి తేవాలి. గేమ్స్ పీరియడ్‌ని ఎవరూ తీసుకోకుండా అడుగుదాం. పగటి పూట ఒక స్టడీ అవర్ వేపచెట్టు కిందకి మార్చమందాం. రోజుకి రెండు గంటలు బయట ఉంటే చాలా మేలు. ఏటా జూన్‌లో ప్రతి పిల్లకీ, పిల్లాడికీ చూపు పరీక్ష చేయించమని హెడ్‌మాస్టర్‌కి అర్జీ పెడదాం. కంటి వెలుగు లాంటి శిబిరం ఒకసారి వచ్చిపోతే సరిపోదు, పిల్లల కళ్లు ఏటేటా మారతాయి.

సైట్ వచ్చేసినవాళ్లకు వెలుతురు మందు కాదు, అద్దాలు కావాలి. పెట్టుకుంటే పవర్ పెరుగుతుందన్నది ఉత్తమాట. ఈమధ్య ఒక హాస్టల్లో పరీక్షకి పోతే ఒక చెల్లి "బోర్డు కనపడదక్కా, పక్కదాని నోట్సు చూసి రాస్తా" అంది. టీచర్లు ఆ పిల్లకి మొద్దు అని పేరు పెట్టారు. మైనస్ రెండు అద్దం పెడితే ఆఖరి బెంచీ నుంచి బోర్డు మొత్తం చదివేసింది.

మీ గూడెంలో ఇలాంటి పిల్లలు ఎవరున్నారో ఈ సెలవుల్లోనే కనుక్కోండి. పరీక్ష ఎక్కడ, ఎలా చేయించాలో తెలియకపోతే నన్ను అడగండి, తెలిసినంత చెప్తాను. మా చిన్నాన్న కూతురు ఇప్పుడు తొమ్మిదో తరగతి. ఖోఖో బాగా ఆడుతుంది. ఇప్పటిదాకా సైట్ రాలేదు, ఏటా నేనే కొలుస్తున్నా.

జోహార్.