బీ సైడు పాటలు

గద్దరన్న పోయింది 2023 ఆగస్టు 6న. ఆ రాత్రి టీవీల్లో, ఫోన్లలో నాకు తిరిగి తిరిగి వినబడ్డవి నాలుగైదు పాటలే. దాదాపు అన్నీ సినిమాల్లోకి ఎక్కినవి. ‘ఒరేయ్ రిక్షా’లో చెల్లెలి పాట, ‘జై బోలో తెలంగాణ’లో పొద్దు పాట, ‘మా భూమి’లో బండి పాట. మంచి పాటలే, వాటి మీద నాకు ఏ కోపమూ లేదు. కానీ ఆగస్టు 6 చుండూరు రోజు కూడా. 1991లో అదే తారీఖున ఎనిమిది మంది దళితులను వేటాడి చంపిండ్రు. అంతకు ముందు, 1985 జులై 17న కారంచేడు. కారంచేడు మీద గద్దర్ కట్టిన పాట ఒకటుంది. ఆ పాట విని పెరిగిన వాడలు ఎన్నో. అన్న పోయిన రాత్రి మాత్రం అది నా చెవిన పడలేదు.

‘ఒరేయ్ రిక్షా’ పాటకు నంది అవార్డు ఇస్తామంటే గద్దర్ వద్దన్నడు. 2025లో ఆయన పేరు మీదనే తెలంగాణ ప్రభుత్వం సినిమా అవార్డులు ఇచ్చింది. గౌరవమే, కాదనను. కానీ చూడండి, మనిషి పోయినంక ఆయన పాటల్లో ఏది ముందటికి వస్తది, ఏది వెనక పడతది అనేది ఒక్క పాట బలం మీదనే ఆధారపడి లేదు.

ఇంగ్లీషు పాటల లోకంలో ఈ వెనక పడ్డ పాటకు ఒక పేరుంది, బీ సైడు అంటరు. చిన్న రికార్డుకు ముందు పక్క అమ్ముడుపోయే పాట, వెనక పక్క ఇంకోటి. బీటిల్స్ వాళ్ళు 1968లో ‘హే జూడ్’ వేసినప్పుడు ‘రివల్యూషన్’ అనే పాట దాని వెనక పక్కకు పోయింది. 1987లో వాళ్ళ ఆల్బములు సీడీలుగా వచ్చినప్పుడు, ఆ ఆల్బముల్లో లేని సింగిల్సు, బీ సైడులు బయటనే మిగిలినయ్. వాటిని ఏరి 1988లో ‘పాస్ట్ మాస్టర్స్’ అని రెండు భాగాలు తెచ్చిండ్రు. యంత్రం మారిన ప్రతిసారి కొన్ని పాటలు కింద పడతయ్. ఎవరన్న వంగి ఏరాలె. వాళ్ళకు కంపెనీ ఉంది, టేపులు దాచిన గది ఉంది, ఏ రోజు ఏం రికార్డు చేసిండ్రో రాసుకున్న కాగితం ఉంది. మనకేముంది అంటే, మా ఇంట్లో అయితే చిన్నాయన రేకు డబ్బా ఉంది. అందులో ఇరవై మూడు క్యాసెట్లు.

చిన్నాయన నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక షెడ్డులో లేతు మీద పనిచేసేటోడు. మేమందరం ఉప్పల్లో ఒక్క కాంపౌండులోనే ఉండేటోళ్ళం. బోనసు పైసలతో ఒక టూ ఇన్ వన్ కొన్నడు. ఏప్రిల్ 14 వచ్చినా, డిసెంబర్ 6 వచ్చినా, ఎక్కడన్న ధర్నా అయినా దాన్ని సంకలో పెట్టుకొని పోయేటోడు. స్టేజీ ముందు కింద కూర్చొని ప్లే, రికార్డు రెండు బటన్లు కలిపి నొక్కేటోడు. ఖాళీ క్యాసెట్ కొనే పైసలు ప్రతిసారీ ఉండకపోయేవి. అందుకని ఇంట్లో ఉన్న సినిమా పాటల క్యాసెట్ తీసుకొని, అంచున ఉండే బొక్కకు ప్లాస్టర్ అంటించి, బీ సైడు మీద సభ పాటలు ఎక్కించేటోడు. ఏ సైడు జోలికి పోయేటోడు కాదు. అది మా చిన్నమ్మది. ఆమె పాటలు ఆమెకు ఉండాలె.

ఆ బీ సైడుల్లో పేరున్న పాటలూ ఉన్నయ్. కానీ పేరున్న పాటలకు కూడా పేరు నిలబడుతదని నమ్మకం లేదు. ‘మా భూమి’లో బండి పాట బండి యాదగిరి రాసిండు. తెర మీద గద్దర్ పాడిండు. ఇప్పుడు నా క్లాసులో అడిగితే పిల్లలు గద్దర్ పాట అనే చెప్తరు. కంచికచర్ల బిడ్డ కలేకూరి ప్రసాద్ ‘యువక’ పేరుతో రాసిండు. ఆయన పాటలు పాడుకుంట ఊరేగింపుల్లో నడిచిన ఎంతమందికి ఆయన పేరు తెలుసు? 2013లో ఆయన పోయినప్పుడు, ‘ఆ పాట ఈయనదా’ అని అడిగినోళ్ళను నేనే చూసిన.

నా పీహెచ్‌డీలో ఈ క్యాసెట్ల మీద ఒక అధ్యాయం రాస్తనని ప్రతిపాదన పెట్టిన. ఒక పెద్దమనిషి అడిగిండు: ‘‘అచ్చు ప్రతి ఎక్కడుందమ్మా?’’ లేదు సార్ అన్న. ‘‘మరి దేన్ని చూపిస్తవు?’’ అధ్యాయం ఎగిరిపోయింది, డిగ్రీ మిగిలింది. ఇదే తెలుగు సాహిత్యంలో మేము అన్నమయ్యను చదువుకుంటం. ఆయన సంకీర్తనలు రాగి రేకుల మీద తిరుమల గుడి అరలో వందల ఏండ్లు పడి ఉన్నయ్. ఇరవయ్యో శతాబ్దంలో వేటూరి ప్రభాకరశాస్త్రి లాంటి పండితులు కూర్చొని ఒక్కొక్క రేకు చదివి అచ్చుకు సిద్ధం చేసిండ్రు. గొప్ప పని. ఆ రేకులు దొరికినప్పుడు అచ్చు ప్రతి ఏదని ఎవరూ అడగలేదు, అచ్చు వేయడమే తమ పని అనుకున్నరు. గుడి అరకు ఉన్న మర్యాద వాడ డబ్బాకు ఎందుకు లేదు అన్నదే నా ప్రశ్న.

అందుకే మొన్న ఎండాకాలం సెలవుల్లో నేనే పెట్టుకున్న. ఎర్రగడ్డ ఆదివారం సంతలో పాత డెక్కు ఒకటి దొరికింది. అరవై నిమిషాల క్యాసెట్ ఎక్కించాలంటే అరవై నిమిషాలు కూర్చోవాల్సిందే, తొందర పెట్టేది లేదు. కొన్నింటికి బూజు పట్టింది. కొన్నింటి టేపు తీసి వేరే డబ్బీలో వేసిన. ఒక్కో పక్క అర్ధగంటకు మూడు వందల ఎంబీ పైన ఫైలు. అట్ల ఏరంగ ఏరంగ పద్దెనిమిది పాటలు తేలినయ్, నాకు తెలిసినంతలో ఏ పుస్తకంలోనూ, అమ్మిన ఏ క్యాసెట్‌లోనూ లేనివి.

అందులో ఒకటి ఆడమనిషి గొంతు. డబ్బీ మీద చిన్నాయన రాత, 14-4-92. మైకులో ఎవరో ‘‘ఇప్పుడు నాచారం అక్క ఒకామె పాడుతది’’ అంటడు, అంతే. ఫ్యాక్టరీలో ప్యాకింగు పని చేసే ఆడోళ్ళకు మంచినీళ్ళ కాడ రెండు గ్లాసులు పెట్టిన ముచ్చట ఆ పాట. ఏడుపు లేదు అందులో. ఆ రెండో గ్లాసును ఎక్కిరించుకుంట నడుస్తది. జనం నవ్వులు వినపడతయ్, మధ్యలో ఒక పసిపిల్ల ఏడుపు కూడా.

గొంతు గుర్తుపట్టింది మా చిన్నమ్మ. అడుగుకుంట అడుగుకుంట పోతే ఆమె నాచారంలోనే దొరికింది, కొడుకు కాడ, కిరాయి ఇంట్లో. ఫోనులో పాట పెట్టిన. కండ్లు మూసుకొని విన్నది. అయిపోయినంక అన్నది: ‘‘మూడో చరణం మర్శిపోయిన బిడ్డా ఆ దినం. అందుకే పల్లవి రెండుసార్లు తిప్పిన.’’ అని ఆ మూడో చరణం అప్పటికప్పుడు పాడింది. ముప్పై ఏండ్లు దాటినా ఒక్క మాట తడబడలేదు.

కొడుకు తలుపు కాడ నిలబడ్డడు. ‘‘అక్కా, కొంచెం సౌండు తగ్గించుండ్రి’’ అన్నడు. ఓనరు వాళ్ళు పైనే ఉంటరు. ఇల్లు అడిగిన రోజు వీళ్ళు కులం వేరేది చెప్పిండ్రు. దానికి ముందు నాలుగు ఇండ్లు నిజం చెప్పి పోగొట్టుకున్నరు. ఉప్పల్, హబ్సిగూడ, నాచారం... మెట్రో స్టేషన్ వచ్చింది, పెద్ద పెద్ద ఆఫీసులు వచ్చినయ్, టూలెట్ బోర్డు కింద అడిగే ప్రశ్న మాత్రం పోలేదు.

నేను పోయేటప్పుడు ఆమె గేటు దాకా వచ్చి మెల్లగ చెప్పింది: ‘‘పాట పెట్టు. పేరు పెట్టకు.’’

పేర్లు పోయినయని మొత్తుకునేదాన్ని నేను. కలేకూరి పేరు కోసం, యాదగిరి పేరు కోసం కొట్లాడేదాన్ని. ఇప్పుడు నా చేతితోనే ఒక పేరు ఖాళీ వదలాలె. రచయితకు తన పేరు చెప్పుకునే హక్కును 1957 కాపీరైటు చట్టం ఇచ్చింది. ఆ హక్కును కిరాయి ఇంట్లో కూర్చొని వాడుకోవడానికి ధైర్యం ఒక్కటే చాలదు, రేపు సామాను ఎక్కడ దించాల్నో కూడా తెలియాలె.

బాగ ఆలోచించి ఇట్ల చేసిన. ఆ పాట పక్కన ‘అజ్ఞాత’ అని రాయను, ‘జానపదం’ అని అసలే రాయను. మన పాటలకు ఎక్కువగ ఆ మాట కిందనే పేర్లు పోయినయ్. జానపదం అంటే ఎవరిదీ కాదని అర్థం వస్తది, ఎవరిదీ కాని దాన్ని ఎవరన్న ఎత్తుకపోవచ్చు. నేను రాస్తున్న వాక్యం ఇది: ‘‘ఈ పాట కట్టి పాడినామె ఉంది. తన పేరు ఇప్పుడు చెప్పొద్దన్నది.’’ ఇది ఆమెకు చదివి వినిపించిన. సరే అన్నది. పేరు నా నోటుబుక్కులో ఉంది, ఆమె చెప్పిన రోజు ఎక్కిస్త. మొదలు 1992 గొంతు వస్తది, దాని వెంట ఆ మూడో చరణం ఇప్పటి గొంతుతో. రెండింటినీ కలిపి ఒక్కటి చేయలేదు, మధ్యల సందు అట్లనే ఉంచిన.

పద్దెనిమిది పాటలూ వచ్చే ఆదివారం నుంచి వారానికి రెండు చొప్పున ఇక్కడ పెడత. గుర్తుపట్టినోళ్ళు ముందు ఆ మనిషికి చెప్పుండ్రి, ఆమె లేదా ఆయన ఒప్పుకుంటేనే నాకు చెప్పుండ్రి.

ఇంకొక్క మాట. మీ ఇండ్లల్ల అటక మీద క్యాసెట్లు ఉంటే పాత సామానోళ్ళకు ఇయ్యకుండ్రి. పాత టేపురికార్డర్‌లో పెట్టి గబగబ తిప్పకుండ్రి, టేపు తెగుతది. మీ అమ్మనో నాయిననో పక్కన కూర్చోబెట్టి, ఇది ఎక్కడ, ఎప్పుడు, ఎవరి గొంతు అని అడిగి ఒక కాగితం మీద రాయుండ్రి. ఏ సైడు సినిమా పాటలే కదా అని పడేయకుండ్రి. తిప్పి చూడుండ్రి.

జై భీమ్.